మే నెల, బెంజ్ సర్కిల్, నా కారు గేర్‌బాక్స్

యూరప్ కంపెనీ ఆటోమేటిక్ కారు కొన్న రెండో ఏడాది, మే ఎండలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అంగుళం అంగుళం జరుగుతుంటే గేర్‌బాక్స్ వేడెక్కిందని లైటు వెలిగింది, వెనక హారన్లు, పక్కన అమ్మ, ఒకటే టెన్షన్. సర్వీస్ సెంటర్‌లో "ఎండలకి మామూలేనండీ" అని కారు కడిగి ఇచ్చేశారు. చాలా కోపమొచ్చింది. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పక్క సీట్లో కూర్చుని ఒక రౌండ్ తిప్పించి, ఫస్ట్ గేర్‌లో సన్నటి వణుకు పట్టేశాడు. "ఇది డ్రై క్లచ్ బాబూ, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు, ఇలా పాకిస్తుంటే క్లచ్ జారుతూనే ఉంటుంది, ముందున్న బండి కాస్త దూరం వెళ్లాక కదులు" అన్నాడు. ఆ వణుకు వీడియో తీసి, ఈసారి సర్వీస్ సెంటర్‌లో పట్టుబట్టి జాబ్ కార్డులో, అంటే బండి కంప్లైంట్లు రాసుకునే కాగితంలో, రాయించాను. వారంటీలోనే క్లచ్ మార్చారు. ఇప్పుడు వారధి దాటి గుంటూరు హైవే ఎక్కితే స్టీరింగ్ చేతిలో ఎంత నిబ్బరంగా ఉంటుందో, అమ్మ మంగళగిరి రాకముందే నిద్రపోతుంది.