ఇంటిపేరు అడగని గది

వరుసగా ఆరేళ్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. ఆ 41 రోజులూ చుక్క ముట్టకపోవడం వల్ల, నాకు మద్యం అలవాటే తప్ప వ్యసనం కాదని ఇంట్లో వాళ్లతో గట్టిగా వాదించగలిగేవాణ్ణి. శబరిమల నుంచి తిరిగి వచ్చి మాల తీసిన సాయంత్రమే పర్మిట్ రూములో కూర్చునేవాణ్ణన్న సంగతి మాత్రం ఆ వాదనలో వచ్చేది కాదు. ఏడో ఏడు మాల వేసుకోలేకపోయాను. అప్పటికి ఒక్క పూట మానినా చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, ఉదయం ఒక క్వార్టర్ పడితే గాని సంతకం కుదిరేది కాదు.

నా భార్య నన్ను ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లింది. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఇంట్లో కూర్చుని ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చుననీ, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చుననీ డాక్టరు చెప్పినప్పుడు, మానడం కూడా ప్రమాదమేనని మాకు మొదటిసారి తెలిసింది. కూరలో కలపమని బంధువులు తెచ్చిచ్చిన పొడి గురించి ఆమె చెప్పగానే ఆయనకు కోపం వచ్చింది. అటువంటి పొడుల్లో మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చుననీ, ఆ విషయం తెలియని మనిషి దాని మీద తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చుననీ వివరించారు. తొమ్మిది రోజులు ఉంచుకుని, థయమిన్ అనే విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ, వణుకు తగ్గించే మాత్రల మోతాదును రోజురోజుకూ తగ్గించి పంపించారు. డిశ్చార్జి కాగితం మీద చివరి పంక్తిగా ‘ఏఏ మీటింగులకు వెళ్లవలెను’ అని రాశారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ ఎనానిమస్, తాగుడు మానాలనుకునేవారు తమలో తాము నడుపుకునే సంఘం.

ఆ పంక్తిని పది రోజులు పట్టించుకోలేదు. తర్వాత 14446 అనే ఉచిత హెల్ప్‌లైనుకు ఫోను చేసి, వారు చెప్పిన దాన్ని బట్టి విచారించి, ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వారి ఫోను నంబరు సంపాదించాను. అవతల ఎత్తినాయన ఊరూ ఉద్యోగమూ ఏమీ అడగలేదు. “ఇవాళ తాగినవా అన్నా?” అని మాత్రం అడిగి, లేదంటే మంచిదని, బస్టాపులో తానే నిలబడి ఉంటానన్నాడు. సికింద్రాబాదులో ఆ మొదటి మీటింగు ఇంగ్లీషులో జరిగింది. నాకు అర్థమైంది గాని, ఇరవై ఏళ్లు తెలుగులో తాగి తెలుగులో తిట్టినవాణ్ణి ఇంగ్లీషులో ఏడవలేకపోయాను. రెండు బస్సులు మారవలసి వచ్చినా ఆ తర్వాతి వారం నుంచి తెలుగు మీటింగుకే వెళ్లాను.

అది ఒక చర్చి ఆవరణలోని స్కూలు గది. గోడ మీది శిలువ చూసి మా అమ్మ మతం మారుస్తారేమోనని భయపడింది. గదికి ఏఏ వాళ్లు అద్దె కడుతున్నారు, అంతే. ఆ అద్దె కూడా సభ్యులు సంచిలో వేసే పదీ ఇరవైల నుంచే వస్తుంది, బయటివారి విరాళం తీసుకోరు. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. దేవుణ్ణి ఎవరికి అర్థమైనట్టు వారు తలచుకుంటారు. నేను అయ్యప్పనే తలచుకున్నాను.

మన దగ్గర ఇద్దరు కలిస్తే ముందు ఇంటిపేరు, ఆపైన ఊరు, ఆ రెండింటిలోంచి కులం బయటికి వస్తాయి. ఆ గదిలో పేరు చెప్పి, “నేను ఆల్కహాలిక్‌ని” అంటే సరిపోతుంది. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు సలహా ఇవ్వకూడదన్న నియమం నాకు మరీ వింతగా తోచింది, ఎందుకంటే సలహాలు వినీ వినీ విసిగిపోయి తాగినవాణ్ణి నేను. ఒక పెద్దాయన కూతురి తల మీద చెయ్యి పెట్టి మూడుసార్లు ఒట్టు వేసి, మూడుసార్లూ తప్పిన సంగతి చెప్పాడు. నేను కొడుకు తల మీద వేశాను. ఆ రాత్రి నోరు తెరవలేకపోయాను గాని, మరుసటి వారం అక్కడి నుంచే మొదలుపెట్టాను. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఒక షేర్ల వ్యాపారీ, ఒక సర్జనూ ఇలాగే ఒకరి కథ ఒకరికి చెప్పుకోవడంతో ఇదంతా మొదలైందని తర్వాత విన్నాను.

మూడో మీటింగులో మా బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఎదురుగా కూర్చున్నాడు. మర్నాడు కౌంటరు దగ్గర నన్ను ఎన్నడూ చూడనివాడిలాగే పాసుబుక్కు అందుకున్నాడు. ఆ నటనకు ఆయనకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

నాలుగో నెలలో ఒక పెళ్లిలో తాగాను, మూడు రోజులు ఆగలేదు. తిరిగి ఆ గది మెట్లెక్కడం మొదటిసారి కన్నా కష్టమైంది. తాగని రోజుల లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి పెట్టుకోమన్నారు, కారణం అడగలేదు, టీ ఇచ్చారు. నా భార్య ఆదివారాలు కుటుంబ సభ్యుల కోసం నడిచే అల్-అనాన్‌కు వెళ్లడం ఆ తర్వాతే మొదలైంది. నా సీసాలు వెతకడం ఆమె అక్కడే మానుకుంది.

ఇప్పుడు రెండేళ్ల మూడు నెలలు. రాత్రి మీటింగు ముగించుకుని వచ్చి తలుపు కొడితే, ఆమె గడియ తీసి, పక్కకు తప్పుకునే ముందు ఒక్క క్షణం ఆగి వాసన చూస్తుంది. నేను ఆ క్షణం గుమ్మంలోనే నిలబడతాను.