గోడ మీద మూడేళ్లు

ఈ రోజంతా ఒక్క గోడ ముందే గడిచిపోయింది. రాబోయే మూడేళ్లలో మా కంపెనీ సాంకేతికంగా ఏయే మార్పులు చేసుకోవాలో చెప్పే రోడ్‌మ్యాప్‌ను నెలాఖరులోగా యాజమాన్యానికి అందజేయాలి కనుక, ఉదయాన్నే సమావేశపు గదిలో గోడ పొడవునా తెల్ల కాగితం అంటించి అడ్డంగా మూడు పట్టీలు గీశాను. పైన వ్యాపారానికి కావలసినవి, నడుమ మేము అందించే సేవలు, అడుగున వాటికి ఆధారమైన సాంకేతికత. ఎడమ నుంచి కుడికి కాలం. ఇది నా సొంత తెలివేమీ కాదు. మోటరోలా కంపెనీలో అనుసరించిన ఇలాంటి విధానం గురించి 1987లోనే వ్యాసం వెలువడింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో దీనిని టీ-ప్లాన్ పేరుతో నాలుగు సమావేశాల క్రమంగా తీర్చిదిద్దారు: మార్కెట్‌కు ఒకటి, ఉత్పత్తికి ఒకటి, సాంకేతికతకు ఒకటి, చివరిది మూడింటినీ కలిపి గీయడానికి. మేము ఆ నాలుగింటినీ ఒక్క పూటలో కుక్కేశాం.

ఆ తొందర ఎక్కడికి దారి తీసిందో పదకొండు గంటలకల్లా తెలిసింది. అడుగు పట్టీ పసుపు చీటీలతో నిండిపోగా, పై పట్టీలో నాలుగంటే నాలుగే ఉన్నాయి. ‘కృత్రిమ మేధ’ అన్న మాట ముగ్గురి చేతిరాతల్లో మూడు చోట్ల కనిపించింది. అంతవరకు మౌనంగా కూర్చున్న ఆర్థిక విభాగాధిపతి గారు లేచి వచ్చి, "వీటిలో ఏది వస్తే నెలాఖరున మా వాళ్లు రాత్రి పదింటిదాకా కూర్చోవడం తప్పుతుందో చూపించండి" అన్నారు. నేను ఒక్కొక్క చీటీ మీద వేలుపెట్టి పైకి జరుపుతూ పోయాను. చాలావాటి విషయంలో వేలు నడిమి పట్టీ దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ‘కృత్రిమ మేధ’ అని రాసిన ఆ మూడు చీటీలలో రెండింటిని తీసేశాను. వినియోగదారుల ఫిర్యాదులను విభాగాల వారీగా వేరుచేసే పనికి ముడిపడింది కనుక మూడోదాన్ని ఉంచాను. ఎవరికి కావాలో తెలియని పనిని ఎంత అందంగా గీసినా అది కోరికల చిట్టాయే అవుతుందని నా అభిప్రాయం, కాని అక్కడ ఆ మాట అనలేదు.

భోజనం తరువాత ఎర్ర పెన్సిల్ తీసుకుని, మన చేతిలో లేని గడువులను నిలువు గీతలుగా గీయడం మొదలుపెట్టాను. విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే తయారీదారు ఇచ్చే భద్రతా సవరణలు, 2025 అక్టోబర్ 14తో ముగిసినా, గిడ్డంగిలో పదకొండు యంత్రాలు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. మా బిల్లింగ్ వ్యవస్థకు ఆధారమైన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 మద్దతుకు 2026 జూలై 14 తుది గడువు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కడితే, పరీక్షలకే నాలుగు నెలలు కావాలి కాబట్టి, ఖాతాలు ముగించే రోజుల్లో ఎవరూ బిల్లింగ్ జోలికి రానివ్వరు కాబట్టి, ఎంతో దూరంలో ఉందనుకున్న పని ఒక్కసారిగా ముంగిట్లోకి వచ్చి నిలబడింది.

గడువులు కూడా రాతి మీద గీతలు కావు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2 మద్దతు ముగింపుకు మొదట 2015 అన్నారు, తరువాత 2020 జనవరి 1కి పొడిగించారు. సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 8కు 2029 దాకా భరోసా ఉందనుకుని దానిలోకి మారినవారికి, అది 2021 చివరికే ముగుస్తుందని 2020 డిసెంబర్‌లో తెలిసింది. అందుకే ప్రతి ఎర్రగీత కింద, దానిని చివరిసారి ఏ రోజున సరిచూశామో చిన్న అక్షరాలతో రాశాను.

ఇక మిగిలింది మా పాత సర్వర్ ఒకటి. యంత్రాల గదిలో కింది అరలో ఉండే దాని ముందు భాగాన, సెలోటేపు పసుపెక్కిన కాగితం మీద ‘దీన్ని ఆపవద్దు’ అని రాసి ఉంటుంది. ఎందుకు ఆపకూడదో, రాసినదెవరో ఆ కాగితం చెప్పదు. లోపల సెంటోస్ 7 ఉంది, దానికి మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది. దాని మీద ప్రతి రాత్రి పైథాన్ 2లో రాసిన ప్రోగ్రాం ఒకటి నడిచి మూడు ఫైళ్లు తయారుచేస్తుంది. గోడ మీది చీటీల్లో దాని పేరు లేదు. ఏం తేవాలో అందరూ రాశారు, ఏం ఆపాలో ఎవరూ రాయలేదు, నాతో సహా.

సాయంత్రం, ఆ ప్రోగ్రాం రాసి ఇప్పుడు వేరే విభాగంలో ఉన్న పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ ఫైళ్లు ఇంకా ఎవరైనా తెరుస్తున్నారా, బాబూ?" అని నన్నే అడిగారు. ఫైళ్లను ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదయ్యే లాగ్‌లు తిరగేస్తే, ఒకదాన్ని ఆర్థిక విభాగం రోజూ తీసుకుంటోంది. మిగతా రెండింటిని కొన్ని నెలలుగా ఎవరూ ముట్టుకున్న జాడ లేదు. కాగితం అడుగున నాలుగో పట్టీ గీసి, దానికి ‘ఆపవలసినవి’ అని పేరు పెట్టి, సర్వర్ పేరుతో మొదటి చీటీ అంటించాను. రేపు ఆర్థిక విభాగానికి ముందే చెప్పి ఆ రెండు ఫైళ్లను నిలిపివేసి, సంవత్సరాంతపు పనిలో ఎవరికైనా అవసరపడతాయేమోనన్న అనుమానంతో ప్రోగ్రాంను మాత్రం తొలగించకుండా ఉంచి, ఎవరి నుంచైనా ఫోన్ వస్తుందేమో కొన్నాళ్లు చూడాలి.