దుప్పటి కింద సొరంగాలు

నా ఫోన్‌లో 40 సెకన్ల వీడియో ఒకటి ఉంది. అందులో చూడటానికి ఏమీ ఉండదు, అంతా చీకటే. రైలు చప్పుడు, పెట్టెలో జనం వేసే కేకలు, వాటి మధ్య మా నాన్న గొంతు: "ఏట్రా, లెక్క తప్పావా? ఇది ఇరవై మూడు." ఆ వెనకే మా అబ్బాయి, మెల్‌బోర్న్ యాసలో సాగదీస్తూ, "ఇరవై మూడూ!" అంటాడు. ఫోన్‌లో చోటు చాలక ఎన్నో తీసేశాను. ఇది మాత్రం మిగిలింది. నాన్న నిండుగా మాట్లాడిన మాట నా దగ్గర ఇదొక్కటే ఉంది.

అది 2018 డిసెంబరు. మేముండే మెల్‌బోర్న్‌లో ఎండాకాలం సెలవులు, ఇండియాలో చలికాలం. అబ్బాయికి ఏడేళ్లు. వైజాగ్‌లో ఉండేది మూడే వారాలు. ఆ మూడు వారాలు ఎలా ఖర్చయిపోతాయో బయటి దేశాల్లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. బ్యాంకులో కేవైసీ, పళ్ల డాక్టరు, జాకెట్లు కుట్టించుకోవడం, జగదాంబ దగ్గర షాపింగ్, పిలిచిన ప్రతి ఇంట్లో భోజనం. అరకు ప్రయాణం నా వల్లే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి నాన్న నన్ను అడగలేదు. రాత్రి గుమ్మం దగ్గర నిలబడి, "పొద్దున్న నాలుగున్నరకి లేవండి, అమ్మ పులిహోర కలుపుతోంది" అని చెప్పి వెళ్లి పడుకున్నారు. ఆ రోజు ఆయన అలా చెప్పకపోయి ఉంటే ఇప్పుడు నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

వైజాగ్ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజర్‌కి అంతకుముందు ఏడాదే అద్దాల పెట్టె తగిలించారు. ఏసీ, అద్దాల పైకప్పు, తిరిగే సీట్లు. పిల్లాడికి అందులో సుఖంగా ఉంటుందని నేనన్నాను. నాన్న ఒప్పుకోలేదు. కిటికీ తెరిచి ఉండాలి, సొరంగంలో చల్లగాలి మొహానికి కొట్టాలి, అరిస్తే మన అరుపు మనకే వినపడాలి అన్నారు. అందరికంటే ముందు ఎక్కి, తువ్వాలు వేసి కిటికీ పక్క సీటు ఆపారు.

ఆ రైలు మార్గం అంటే నాన్నకి సొంత మనిషి లాంటిది. ఆయన పోర్టులో, ఐరన్ ఓర్ ఓడలకి ఎక్కించే చోట పనిచేసి రిటైరయ్యారు. నా చిన్నప్పుడు ఆయన చొక్కా కాలర్లకి పట్టిన ఎర్ర దుమ్ము అమ్మ ఎంత ఉతికినా వదిలేది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడం కోసమే 1960లలో ఈ లైను వేశారు. మనుషులు ఎక్కడం తర్వాతి సంగతి. ఎదురొచ్చే గూడ్సుకి దారి ఇవ్వడానికి మా రైలు ఆగినప్పుడల్లా నాన్న ఆ వ్యాగన్లు చూపించి, "ఇదంతా మన దగ్గరికే వెళ్తోంది" అనేవారు మనవడితో. రిటైరై అప్పటికే చాలా ఏళ్లయింది. అయినా "మన దగ్గరికే".

ఇక అంకెల సంగతి. మా దగ్గర శనివారం తెలుగు బడి ఉంది. అక్షరాలు నేర్పుతారు, పద్యాలు నేర్పుతారు. అంకెలు మాత్రం పిల్లలకి ఒంటబట్టవు, ఎందుకంటే ఇంట్లో టైము, డబ్బు, ఫోన్ నంబరు అన్నీ మేమే ఇంగ్లీషులో చెబుతాం. మావాడికి ఇరవై దాటితే తెలుగు అంకె రాదని నాన్నకి ఆ రైల్లోనే తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. శివలింగపురం దాటి ఘాట్ మొదలవగానే ఒక ఆట పెట్టారు. చీకట్లోకి వెళ్లగానే ఎన్నో సొరంగమో తెలుగులో గట్టిగా అరవాలి. లైను మొత్తం మీద 58 ఉన్నాయిరా, ఎన్ని పట్టుకుంటావో చూస్తాను అన్నారు. పులిహోర తింటూ వాడు రెండు మూడు వదిలేశాడు. ముప్పై తొమ్మిది దగ్గర తడబడి, "ముప్పై... ముప్పై..." అంటూ తాతయ్య మొహంలోకి చూశాడు. అరకులో దిగేసరికి నలభైల్లోకి వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద అరటిపళ్లు, మనుషుల సంచులు, ఏది కనపడితే అది లెక్కపెట్టాడు.

తిరుగు ప్రయాణం కారులో. దారిలో పసుపుపచ్చగా వలిసె పూల చేలు, అనంతగిరి ఘాట్‌లో కాఫీ తోటలు, తర్వాత బొర్రా గుహలు. గుహలోకి దిగేటప్పుడు పరుగెత్తిన పిల్లాడు పైకి ఎక్కేటప్పుడు కూలబడ్డాడు. 68 ఏళ్ల మనిషి వాణ్ని ఉప్పుమూట ఎక్కించుకుని ఆ మెట్లన్నీ ఎక్కారు. నేను వద్దంటూనే ఉన్నాను. గుహలో వినిపించిన నీళ్ల గురించి వాడు అడిగితే, అది గోస్తనీ నది, మన భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది అని చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. మర్నాడు బీచ్ రోడ్డు మీద భీమిలి తీసుకెళ్లి, నది సముద్రంలో కలిసే చోట వాడి కాళ్లు తడిపించారు. చేతిలో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని వాడు ఆ నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు. నిన్న కొండలో ఉన్నది ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చిందో వాడికి అంతుపట్టలేదు.

2020 మార్చిలో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసింది. 2021 నవంబరు దాకా అనుమతి లేకుండా మేము దేశం దాటడానికి లేదు. పాప ఆ మధ్యలో పుట్టింది, తాతయ్యకి ఫోన్ తెరమీదే తెలిసింది. తెరిచాక కూడా ఇంకొన్నాళ్లు ఆగుదామనుకున్నాం. 2022 డిసెంబరుకి టికెట్లు కొన్నాం. సెప్టెంబరులో నాన్నకి స్ట్రోక్ వచ్చింది.

మెదడు ఎడమవైపు దెబ్బతిని కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అఫేసియా అంటారు దీన్ని. ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసు, మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, చెప్పాలనుకున్న మాటే నోటికి అందదు. ఆయనకి మిగిలిన మాట "ఏటి". ఆకలికీ "ఏటి", నొప్పికీ "ఏటి", నన్ను చూసి ఏడ్చినప్పుడూ "ఏటి". అమ్మ ఆ ఒక్క మాటలోని తేడాలన్నీ పట్టేస్తుంది. నాకు ఇంకా రాదు.

మొన్న జనవరిలో మళ్లీ వెళ్లాం. పాప ఆయన మంచం దగ్గరికి రాలేదు. వాలిన మూతి, ఆ శబ్దం చూసి భయపడి గుమ్మం బయటే ఉండేది. నేను బతిమాలాను, కోప్పడ్డాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే దాని తప్పు ఏముంది? నా ఇద్దరు పిల్లలకీ తాతయ్య ఒక్కడు కాదు. వాడి తాతయ్య ఉప్పుమూట ఎక్కించుకున్న మనిషి. దాని తాతయ్య మంచం మీది మనిషి.

నాలుగో రోజు మధ్యాహ్నం గదిలోంచి అరుపులు వినిపిస్తే పరుగెత్తాను. మావాడు రెండు ప్లాస్టిక్ కుర్చీలు మంచానికి ఆనించి, చెల్లిని ఒకదాంట్లో కూర్చోబెట్టి, దుప్పటి తీసి ముగ్గురి నెత్తిమీదా కప్పుతున్నాడు. కప్పితే సొరంగం. తీస్తే వెలుగు. చెల్లికి తెలుగులోనే చెబుతున్నాడు, వచ్చీరాని తెలుగులో, ఎందుకంటే ఆ ఆట వాడికి ఆ భాషలోనే తెలుసు. ఒకటీ, రెండూ అంటూ ఇద్దరూ అరుస్తున్నారు. ముప్పై ఎనిమిది అయింది. తర్వాత వాడు ఆగిపోయాడు. కావాలని ఆగాడో, నిజంగా మర్చిపోయాడో నేను ఇప్పటికీ అడగలేదు. "ముప్పై... ముప్పై..."

దుప్పటి లోపల్నుంచి నాన్న గొంతు వచ్చింది. "తొమ్మిది."

ముద్దగా ఉంది, కానీ మాట తెలిసింది. తర్వాత నలభై. నలభై ఒకటి. ఇంటికి వచ్చే స్పీచ్ థెరపిస్ట్ తర్వాత చెప్పారు: మాట పోయినవాళ్లలో కూడా వరసలో వచ్చే అంకెలు, వారాల పేర్లు, అలవాటైన పాటలు చాలాసార్లు మిగిలే ఉంటాయట. అమ్మ వంటగదిలోంచి తడిచేతులతో వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. మేమిద్దరం లోపలికి వెళ్లలేదు. నలభై ఆరు దగ్గర ఆయన అలిసి కళ్లు మూసుకున్నారు. పాప దుప్పటి కిందనుంచి తల బయటపెట్టి, "అరకు వచ్చేసిందా?" అని అడిగింది. "ఇంకా లేదు" అన్నాడు వాడు.

మెల్‌బోర్న్ వచ్చాక రోజూ మాకు మధ్యాహ్నం, వాళ్లకి ఉదయం వీడియో కాల్ చేస్తాం. పాపే చేస్తుంది. దుప్పటి ముందే సిద్ధంగా పెట్టుకుంటుంది. అక్కడ అమ్మ కూడా ఆయన తలమీద పలచటి తువ్వాలు కప్పుతుంది. నిన్న సిగ్నల్ సరిగ్గా లేక పదిహేడు దగ్గర కాల్ తెగిపోయింది. ఇవాళ కాల్ కలవగానే పాప హలో కూడా అనకుండా, "తాతయ్యా, పద్దెనిమిది" అని దుప్పటి కప్పేసుకుంది.