రొయ్యల గుంట మీద చవక స్పాట్‌లైట్

మా గుంటలు ఇందుకూరుపేట మండలంలో. రాత్రి పూట గట్టు మీద తిరగకపోతే వనామి రొయ్యల సాగు జరగదు, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, సరిగ్గా ఆ టైంలో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే జనరేటర్ అందుకునే లోపు గుంటలో ఏం జరుగుతోందో లైటు వేసి చూసుకోవాల్సిందే. పాత టార్చి పోయింది. ఫోన్ లైటుతో అయ్యే పని కాదు. నెల్లూరు చిన్నబజార్లో చార్జింగ్ స్పాట్‌లైట్ ఒకటి తెచ్చా, తొమ్మిది వందలు చెప్పి ఏడొందల యాభైకి ఇచ్చాడు.

డబ్బా మీద మూడు కిలోమీటర్లు కొడుతుందని రాశారు. మా ఎకరం గుంట ఒక్కో పక్క 64 మీటర్లు, ఈ మూల నుంచి ఎదురు మూలకు 90. మిగతా దూరమంతా నేనేం చేసుకోను? పైగా ఆ లెక్క కట్టే పద్ధతే వేరు. పేరున్న కంపెనీలైనా వెలుగు 0.25 లక్స్‌కి, అంటే దాదాపు పున్నమి వెన్నెలంతకి తగ్గిపోయే చోటు దాకా కొలిచి దాన్నే దూరం అంటాయి. వెన్నెల్లో గట్టు కనపడుతుందేమో గానీ గట్టు మీద ఏముందో కనపడదు. దూరం సగానికి తగ్గితే వెలుగు నాలుగింతలు, పావుకి తగ్గితే పదహారింతలవుతుంది, కాబట్టి డబ్బా మీద నిజమే రాసినా పనికొచ్చేది అందులో పావు వంతు దూరమే అనుకోండి.

అలాగని లైటు చెడ్డదేం కాదు. ఎదురు మూలలో ఏరియేటర్ రెక్కలు తిరుగుతున్నదీ లేనిదీ తేలిగ్గా తెలిసింది. ముందు గట్టు మీద వేసి, మెల్లగా నీళ్ల అంచుకి జరిపితే రొయ్యల కళ్లు ఎర్రటి చుక్కల్లా మెరిశాయి. దబుక్కున నీళ్ల మీదే వేస్తే మాత్రం అవి ఎగిరిపడతాయి, చూసేందుకేం మిగలదు. మెరిసే కళ్లు అటూ ఇటూ కదులుతుంటే పర్లేదు. అంచుకి గుంపుగా చేరి, లైటు పడ్డా కదలకుండా ఉంటే ఆక్సిజన్ తగ్గిందేమోనని అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

నాకు నచ్చనిది ఇంకోటుంది. వెలుగంతా నడిమిన గుండ్రంగా ఒక్కచోటే పడుతుంది, చుట్టూ చీకటి. గుంట కాడ కాపలా ఉండే పెద్దాయన చూసి, "ఏం నాయనా, పాము కాళ్ల కాడికొస్తాది గానీ ఆ గట్టు మీద నిలబడి నిన్ను పిలుస్తాదా?" అన్నాడు. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే మరి. ఇలాంటి లైట్లకి పక్కన తెల్ల పట్టీలాంటి లైటు ఇంకోటి ఉంటుంది చూడండి, నడిచేటప్పుడు అదే వేసుకోవాలి, నా లెక్కలో ఈ డబ్బులు దానికే. కాకపోతే రెండూ ఒకేసారి వెలగవు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే మధ్యలో ఆ ఎర్ర నీలం మెరుపులు దాటాలి, పోలీస్ జీపులాగా, అవి ఎవరికి కావాలో ఆ దేవుడికే తెలియాలి.

ఇక బ్యాటరీ. 9000 ఎంఏహెచ్ (ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) అని రాసుంది. వెనక మూత విప్పితే ఉన్నది 18650 అనే సైజు లిథియం సెల్లు ఒక్కటే. ఈ సైజు సెల్లులో పేరున్న కంపెనీలు పెట్టేది 3500 అటూ ఇటూ, 9000 పట్టే మాటే లేదు. మంచిది 45 గ్రాముల పైనే తూగుతుంది. రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో) తీసే కాటా మీద పెడితే ఇది 31 గ్రాములు. ఫుల్ చార్జింగ్ పెట్టి వేస్తే మొదట కళ్లు చెదిరిపోతాయి, పావుగంట గడిచేసరికి బాగా తగ్గి, ఆ తర్వాత పసుపు తిరక్కుండా మందంగా చాలాసేపు వెలుగుతుంది. పాత ఫోన్ చార్జర్‌తో బాగానే ఎక్కుతోంది, రెండు వైపులా టైప్ సి ఉండే కొత్త కేబుల్‌తో అసలు ఎక్కలేదు. పిన్ను దగ్గర పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లు చవక సరుకులో వదిలేస్తారు, కొత్త చార్జర్ వాటిని చూడందే కరెంటు ఇవ్వదు.

నేను వేరే మంచి సెల్లు కొని వేశా, ఇప్పుడు నిలకడగా ఉంది. కొనేవాళ్లు షాపులోనే వెనక మూత విప్పించి చూడండి, సెల్లు మార్చే వీలు లేకుండా అతికించేసి ఉంటే వంద తగ్గించినా వద్దు. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత నాది అప్పుడే వదులైంది, ఉప్పుగాలికి లోపలి పిన్నులు ఎన్నాళ్లుంటాయో. డబ్బా మీద నీటి రక్షణకి ఐపీ నంబరే లేదు. అక్టోబర్, నవంబర్ వానలు తగిలాక ఎలా ఉందో మళ్లీ రాస్తా.