మౌంట్ కాని డిస్క్

2019 జూలై. మెల్‌బోర్న్‌లో జూలై అంటే ఎముకలు కొరికే చలి. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ నాది, అంటే ఏ వేళ అలర్ట్ వచ్చినా నేనే చూసుకోవాలి. మా కంపెనీ ఇంటి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. వెబ్ సర్వర్లు మూడు, వాటి ముందు, వచ్చేవాళ్లను ఆ మూడింటికీ పంచే ఒక లోడ్ బ్యాలెన్సర్. రాత్రి ఒంటిగంటన్నరకి మొదటి సర్వర్‌కి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్యాచ్ వేసి రీబూట్ చేశాను. సైట్ తెరిచి చూస్తే సోఫాలు, మంచాలు అన్నీ కనిపించాయి. లాప్‌టాప్ మూసి పడుకోబోతుంటే ఫోన్ మోగింది, బొమ్మలు రావట్లేదని అలర్ట్. నాకు కనిపించినవి నా బ్రౌజర్ అప్పటికే దాచిపెట్టుకున్న బొమ్మలని ఆ తర్వాత అర్థమైంది.

మా పద్ధతి చాలా మామూలుది. సామాన్ల ఫోటోలన్నీ మొదటి సర్వర్‌లోకి వస్తాయి, అక్కడి నుంచి క్రాన్ జాబ్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) నిమిషానికోసారి ఆర్‌సింక్ అనే ఫైళ్ల కాపీ ప్రోగ్రామ్‌ని నడిపి మిగతా రెండింటికీ పంపుతుంది. ఆ ఒక్క నిమిషంలో కూడా గొడవలు వచ్చేవి. ఫోటో పెట్టిన అమ్మాయి వెంటనే పేజీ తెరిస్తే లోడ్ బ్యాలెన్సర్ ఆమెను రెండో సర్వర్‌కి పంపేది, అక్కడ ఇంకా ఫోటో ఉండేది కాదు, రిఫ్రెష్ కొడితే వచ్చేది, ఇంకోసారి కొడితే పోయేది. అయినా ఆర్‌సింక్ మీద నాకు చాలా గౌరవం. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ దీన్ని కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉండగా తయారు చేశారు, మా ఇంటి నుంచి కారులో ఏడెనిమిది గంటల దూరం. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి వాడినా ఇది ఈ దేశంలో పుట్టిందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ముందు ఫైల్ సైజు, మారిన టైమ్ చూస్తుంది, రెండూ సరిపోతే ముట్టుకోదు. తేడా ఉంటే ఫైల్‌ని ముక్కలుగా పోల్చి మారిన ముక్కల్నే నెట్‌వర్క్ మీద పంపుతుంది. ఆ ఫైల్‌ని కూడా ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెడుతుంది, అందుకే సగం వచ్చిన ఫోటో ఎవరి కంటా పడదు.

మా కమాండ్‌లో డిలీట్ ఆప్షన్ కూడా ఉంది. మొదటి సర్వర్‌లో తీసేసిన ఫోటో మిగతా రెండింట్లోనూ పోవాలి కాబట్టి అది అవసరమే.

ఆ రాత్రి రెండో సర్వర్‌లోకి వెళ్లి ఫోటోల ఫోల్డర్‌లో ఫైళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నాను. 0 అని వచ్చింది. మూడోదీ 0. మొదటిదీ 0. చేతులు చల్లబడిపోయాయి. అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే, టీమ్ ఛానల్‌లో "ఫోటోలు పోయాయి, నేను రీబూట్ చేశాక జరిగింది" అని రాయడం. ఆ పని చేయలేదు. వాట్సాప్ తెరిచి, హైదరాబాద్‌లో నాతో కలిసి పనిచేసిన స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. "రేయ్, ముందు క్రాన్ ఆపు" అన్నాడు. ఆపాను. ఈలోపు తెనాలి నుంచి అమ్మ మెసేజ్, "ఆన్‌లైన్‌లో ఉన్నావు, ఇంకా పడుకోలేదా నాన్నా?" అని. జవాబు ఇవ్వలేదు.

టీమ్‌కి ఎందుకు చెప్పలేదంటే భయం. నా మొదటి ఉద్యోగంలో తప్పు బయటపడే లోపు సరిచేసుకున్నవాడే సమర్థుడు, ముందుగా చెప్పినవాడు దొరికిపోయిన దొంగ కింద లెక్క. ఇక్కడైతే కంపెనీ స్పాన్సర్ చేసిన 482 వీసా మీద ఉన్నాను. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే వేరే వీసా, లేదంటే సామాను సర్దుకోవడమే. 2024 జూలై నుంచి దాన్ని 180 రోజులు చేశారు, కానీ అప్పటికి 60. భార్య, రెండేళ్ల పాప పక్క గదిలో పడుకుని ఉన్నారు. సున్నా చూసినప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతున్నది ఫోటోల సంఖ్య కాదు, ఈ 60.

ఇరవై నిమిషాలయ్యాక మా టీమ్ లీడ్ ఫోన్ చేసింది. అలర్ట్‌కి పరిష్కారం కనిపించకపోతే ఫోన్ తర్వాతి మనిషికి వెళ్తుంది. చూస్తున్నావా అని అడిగింది. "చూస్తున్నాను, అయిపోవచ్చింది" అన్నాను. అది అబద్ధం, నేను పాత బ్యాకప్ ఏదైనా ఉందా అని వెతుకుతున్నాను. ఆమె కూడా లాగిన్ అయింది. డిస్కుల జాబితా చూసి, ఫోటోల డిస్క్ ఏది, ఈ జాబితాలో లేదే అంది. అంతే. నెల క్రితం ఆ పెద్ద డిస్క్‌ని చేర్చింది నేనే. చేత్తో మౌంట్ చేశాను, అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించాను. బూట్ అయినప్పుడల్లా ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ లైన్ రాయలేదు. రీబూట్ అయ్యాక డిస్క్ మౌంట్ కాలేదు, ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ మిగిలింది. ఆర్‌సింక్ దృష్టిలో ఖాళీ ఫోల్డర్ తప్పు కాదు. డిస్క్ చదవడంలో ఎర్రర్ వస్తే డిలీట్‌ని అదే మానుకుంటుంది, కానీ ఇక్కడ ఎర్రరే లేదు. ఇక్కడ ఏమీ లేదు కాబట్టి అక్కడా ఏమీ ఉండకూడదు అనుకుని, చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

డిస్క్ మౌంట్ చేశాం. 180 జీబీ ఫోటోలు, ఒక్కటీ పోలేదు. మిగతా రెండు సర్వర్లనీ లోడ్ బ్యాలెన్సర్ నుంచి తప్పించి, సైట్ మొత్తం మొదటి సర్వర్ మీదే నడిపిస్తూ ఫోటోలు కాపీ పెట్టాం. పూర్తయ్యేసరికి తెల్లవారుజాము ఐదు.

మర్నాడు మీటింగ్‌లో మొత్తం చెప్పాను, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ సంగతి, ఆ ఇరవై నిమిషాల సంగతి కూడా. నా గొంతు వణికింది. ఎవరూ అరవలేదు, రాసిన రిపోర్ట్‌లో నా పేరు కూడా లేదు. డిస్క్ విషయం వాళ్లు రెండు నిమిషాల్లో దాటేశారు. స్క్రిప్ట్ ఖాళీ ఫోల్డర్‌ని ఎందుకు నమ్మింది అని గంటసేపు మాట్లాడారు.

ఆ డిస్క్‌లోనే చిన్న గుర్తు ఫైల్ ఒకటి పెట్టాం. ఆ ఫైల్ కనిపిస్తేనే స్క్రిప్ట్ ఆర్‌సింక్‌ని మొదలుపెడుతుంది. ఒక్కసారికి ఇన్ని ఫైళ్లకు మించి తీసేయకూడదని మాక్స్ డిలీట్ పెట్టాం. రోజూ స్నాప్‌షాట్, అంటే ఆ రోజున్నది ఉన్నట్టుగా కాపీ, తీస్తున్నాం. మూడు చోట్ల కాపీలు ఉన్నాయి కదా, బ్యాకప్ ఎందుకు అనుకునేవాణ్ని, ఆ మూడూ ఒక్క నిమిషంలో ఖాళీగా కనిపించాయి. ఆ నిమిషం ఆలస్యం కూడా లేకుండా మారిన వెంటనే పంపే ఎల్‌సింక్‌డీ అనే ప్రోగ్రామ్ ప్రయత్నించాం, మా ఫోల్డర్లు ఎక్కువ, అప్పటి కెర్నల్‌లో మార్పుల కోసం గమనించగలిగే ఫోల్డర్ల పరిమితి మామూలుగా 8192, దాన్ని పెంచాల్సి వచ్చింది. మూడు సర్వర్లున్న చిన్న చోట ఆర్‌సింక్, క్రాన్ చాలని ఇప్పటికీ అంటాను.

పోయిన చలికాలంలో వరంగల్ నుంచి వచ్చిన అబ్బాయి మా టీమ్‌లో చేరాడు, 482 వీసానే. ఆన్‌కాల్ మొదటి వారంలోనే ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, సింక్ ఆగిపోయింది, గుర్తు ఫైల్ లేదంటోంది. ఛానల్‌లో రాసేసిన, తర్వాతే మీకు చేసిన" అన్నాడు. డిస్కుల జాబితా చూడమన్నాను. ఫోటోల డిస్క్ లేదు. మౌంట్ చేయించి, ఆర్‌సింక్‌ని ముందు డ్రై రన్‌లో, అంటే ఏదీ మార్చకుండా ఏం చేయబోతుందో మాత్రం చూపేలా, నడపమన్నాను. తీసేయాల్సిన ఫైళ్లు 0 అని వచ్చింది. సరే, ఇక పడుకో తమ్ముడూ అన్నాను.