గిరి ప్రదక్షిణ దారి, ఎనిమిది ముక్కలుగా: అమ్మ కిడ్నీ, నా గౌట్, 32 కిలోమీటర్లు

అమ్మ ఇచ్చిన కిడ్నీతో ఆరేళ్ళు దాటాయి. డయాలిసిస్ రోజుల్లో వీధి గుమ్మం దాకా వెళ్తే ఆయాసం వచ్చేది. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున నడకకి వెళ్ళకపోతే ఆ రోజంతా ఏదో వెలితిగా ఉంటుంది. ఈ ఏడాది ఒకే కోరిక పెట్టుకున్నాను: సింహాచలం కొండ చుట్టూ తిరిగే గిరి ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లూ నడవాలి. ఆషాఢ పౌర్ణమికి జనంతో కలిసి నడవాలనే ఉంది. కానీ నేను వాడేవి టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్. మూడూ రోగనిరోధక శక్తిని అణిచేవే. అంత రద్దీలోకి వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అందుకని దారిని ఎనిమిది ముక్కలు చేసుకుని, ఖాళీగా ఉండే ఆదివారాల్లో నడుస్తున్నాను. మధ్యలో గౌట్ వచ్చి పడింది, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, స్ఫటికాలుగా కీళ్ళలో పేరుకుని వచ్చే వాపూ నొప్పీ. నాలాంటివాళ్ళకి పనికొస్తుందని లెక్కలన్నీ రాస్తున్నాను. మందుల మోతాదులు మాత్రం నావి. ఎవరివి వాళ్ళ డాక్టరు చెప్పాలి.

జనవరి 19. కొండ కింది మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర దణ్ణం పెట్టుకుని ఐదింటికి బయల్దేరి, అడవివరం మీదుగా ముడసర్లోవ దాకా. ఫోన్లో 4.6 కి.మీ. గంటా పది నిమిషాలు. కాళ్ళు హాయిగా ఉన్నాయి.

జనవరి 23, రాత్రి రెండు. కుడికాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు మంటతో మెలకువ వచ్చింది. లైటు వేసి చూస్తే కణుపు ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతోంది. చెయ్యి పెడితే కాలుతోంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయాను. చివరికి ఫ్యాను గాలి కూడా పడలేదు. ఆపరేషన్ అయినప్పుడు కూడా ఇంత నొప్పి ఎరగను.

పొద్దున్న మా ఆవిడ వీధి చివర మందుల షాపుకి వెళ్తే, చీటీ అడగకుండా ఆసిక్లోఫెనాక్ ఇచ్చి పంపారు. మింగబోతూ ఆగి, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. "అది వేసుకోకండి, వెంటనే వచ్చేయండి" అన్నారామె. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. టాక్రోలిమస్ కూడా కిడ్నీ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రెండూ కలిస్తే దెబ్బ మీద దెబ్బ. ఒక్క మాత్రే కదా అనుకోవద్దు. ఆ కోఆర్డినేటర్ నంబరు ఇప్పుడు ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంది.

ఆస్పత్రిలో ముందు చూసింది గౌట్ కోసం కాదు, ఇన్ఫెక్షన్ కోసం. మాలాంటివాళ్ళకి కీలులో చీము పట్టినా పైకి ఇలాగే కనబడొచ్చు, జ్వరం కూడా రాకపోవచ్చు. సన్నటి సూదితో కీలులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు. మైక్రోస్కోపులో సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలు కనిపించాయి, సూక్ష్మక్రిములు లేవు. ఆ రోజు రక్తంలో యూరిక్ యాసిడ్ 6.6 మాత్రమే. "ఇది గౌట్ ఎలా అవుతుంది సార్?" అని అడిగాను. నొప్పి జోరు మీద ఉన్నప్పుడు ఆ అంకె తగ్గి కనబడుతుందనీ, రెండు వారాలాగి మళ్ళీ చూద్దామనీ చెప్పారు. రోజూ వేసుకునే 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌ని ఐదు రోజుల పాటు 30కి పెంచి, మెల్లగా దించారు. రెండో రోజుకే పాదం నేల మీద ఆనింది. కానీ స్టెరాయిడ్ పెరిగితే షుగరు పెరుగుతుంది. మధ్యాహ్నం గ్లూకోమీటరులో 214 చూపించింది. ఆ వారం రోజులూ రోజుకి మూడుసార్లు చూసుకుని రాశాను.

ఫిబ్రవరి 10. యూరిక్ యాసిడ్ 9.1. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ (తక్కువుంటే మంచిది) 1.4, ఎప్పటిలాగే. ఎందుకు పెరిగిందో డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించారు. టాక్రోలిమస్ వల్ల యూరిక్ యాసిడ్ బయటికి పోవడం తగ్గుతుంది, అలాంటిదే ఇంకో మందు సైక్లోస్పోరిన్‌తో ఇంకా ఎక్కువ. నా బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది, అదీ యూరిక్ యాసిడ్ పెంచేదే. దాన్ని ఆపి లోసార్టాన్ ఇచ్చారు. అది యూరిక్ యాసిడ్‌ని కాస్త దించుతుంది, కానీ పొటాషియం పెరగొచ్చు కాబట్టి రెండు వారాలకి పరీక్ష.

యూరిక్ యాసిడ్‌ని దించే అసలు మందు అల్లోప్యూరినాల్. 100 మి.గ్రా. మాత్రలో సగంతో మొదలు. ఒంటి మీద దద్దురు కనిపిస్తే వెంటనే ఆపేసి రమ్మన్నారు. అంకె 6 కన్నా కిందకి దిగాలి, అప్పుడే కీళ్ళలో పేరుకున్న స్ఫటికాలు మెల్లగా కరుగుతాయి. దానికి తోడు, నొప్పి మళ్ళీ రాకుండా కొన్ని నెలలు కాల్చిసిన్, 0.5 మి.గ్రా., రోజు విడిచి రోజు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఓపీలో నా పక్కన కూర్చునే ఒక పెద్దాయనకి ట్రాన్స్‌ప్లాంట్ అయి చాలా ఏళ్ళయింది, మైకోఫెనొలేట్ బదులు అజాథయోప్రిన్ వాడతారు. ఆయనకీ బొటనవేలి నొప్పే. "నీ మాత్ర పేరు చెప్పు నాయనా, నేనూ తెచ్చుకుంటాను" అన్నారు. ఆయన్ని చేయి పట్టుకుని డాక్టరు గదిలోకి తీసుకెళ్ళాను. అజాథయోప్రిన్‌తో అల్లోప్యూరినాల్ కలిస్తే అజాథయోప్రిన్ ఒంట్లో పేరుకుపోయి, ఎముక మజ్జ దెబ్బతిని, తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. యూరిక్ యాసిడ్ దించే ఇంకో మందు ఫెబుక్సోస్టాట్‌తోనూ అదే గొడవ. కాల్చిసిన్ కూడా అంతే, సైక్లోస్పోరిన్ గానీ బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్ గానీ వాడేవాళ్ళకి మోతాదు మించితే కండరాలు దెబ్బతింటాయి. పక్కవాళ్ళ మందు మనకి మందు కాదు, దయచేసి ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

మార్చి 16. రెండో ముక్క, ముడసర్లోవ నుంచి హనుమంతవాక. యూరిక్ యాసిడ్ 7.8, అల్లోప్యూరినాల్ 100. పాత బూట్లు ముందు భాగంలో బిగుతు, కొత్తవి ఒక సైజు పెద్దవి, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్నవి కొన్నాను. ఇంట్లో ఎంసీఆర్ చెప్పులు, మెత్తటి రబ్బరువి.

మార్చి 30. మూడో ముక్క, హనుమంతవాక నుంచి విశాలాక్షినగర్, జోడుగుళ్ళపాలెం మీదుగా అప్పుఘర్. సముద్రం వైపు దిగుడు ఉంది. దిగుతుంటే పాదం ముందుకి జారి బొటనవేలు బూటుని పొడుస్తుంది. ఆగి, పైరంధ్రం దాకా లేసు ఎక్కించి చీలమండ దగ్గర బిగించి కట్టాను. వేళ్ళ దగ్గర వదులు, పైన బిగుతు. అంతే, పోటు ఆగింది. జోడుగుళ్ళపాలెంలో నెత్తళ్ళు ఎండబోశారు. ఆ వాసనకి అమ్మ చేసే ఎండు నెత్తళ్ళ వేపుడు గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువని నెత్తళ్ళు, కార్జం, బోటీ మానేశాను. వంజరం రెండు వారాలకోసారి, చిన్న ముక్క.

తిండి గురించి చుట్టాలు చెప్పినవన్నీ పాటిస్తే పస్తులే. కందిపప్పు వద్దు, టమాటా వద్దు, పాలకూర వద్దు అన్నారు. కూరగాయల్లో, పప్పుల్లో ఉండే ప్యూరిన్లతో గౌట్ పెరగదని డైటీషియన్ చెప్పాక పప్పుచారు మళ్ళీ మా ఇంటికొచ్చింది. వెన్న తీసిన మజ్జిగ మంచిదన్నారు. తీపి కూల్‌డ్రింకులు పూర్తిగా బంద్. పిన్ని ప్రేమతో కొండపిండి కషాయం తెచ్చింది. "నీ చేతి పప్పు పెట్టు పిన్నీ, కషాయం మాత్రం నాకొద్దు" అన్నాను. ఏ ఆకు రసం టాక్రోలిమస్‌ని ఏం చేస్తుందో చెప్పలేం. వినాయక చవితి పాలవెల్లికి కట్టే పంపరపనస కూడా తినను, అది టాక్రోలిమస్ మోతాదుని రక్తంలో పెంచేయగలదు.

ఏప్రిల్ 8. మళ్ళీ నొప్పి, ఈసారి ఎడమ చీలమండ. మందు వాడుతుంటే ఇదేంటని ఏడుపొచ్చింది. యూరిక్ యాసిడ్ దిగుతున్నప్పుడు పాత స్ఫటికాలు కదిలి మొదటి నెలల్లో ఇలా వస్తుందట. అల్లోప్యూరినాల్ ఆపొద్దన్నారు, ఆపలేదు. నాలుగు రోజుల్లో తగ్గింది.

అయితే ఆ ముందు ఆదివారం ఉక్కలో మామూలు నడకకి వెళ్ళి, నీళ్ళు సరిగ్గా తాగలేదు. అప్పటినుంచి నడకకి ముందూ తర్వాతా బరువు చూస్తున్నాను. ఏప్రిల్ 27న, అప్పుఘర్ నుంచి ఇసుకతోట దాకా నడిచిన రోజు, వెళ్ళేముందు 71.4, వచ్చాక 70.7. తాగిన అర లీటరు కూడా కలిపితే లీటరుకి పైనే చెమట. ఇప్పుడు నడుముకి రెండు సీసాలు, పావుగంటకోసారి నాలుగు గుక్కలు. కొబ్బరిబోండాంలో పొటాషియం ఎక్కువ, దాని జోలికి పోను, నా పొటాషియం ఇప్పటికే 5.1.

మే 11, మే 25, జూన్ 15. ఇసుకతోట నుంచి సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి దాకా, మూడు ముక్కలు. ఎండకి ముందే, నాలుగున్నరకే మొదలు. చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

జూన్ 23. అల్లోప్యూరినాల్ 200. యూరిక్ యాసిడ్ 5.6. క్రియాటినిన్ 1.3. రిపోర్టు అమ్మ చేతికిచ్చాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, అంకెలు తెలుసు. 1.3 మీద వేలు పెట్టి, "నా కిడ్నీ బాగుందన్నమాట" అంది.

జూన్ 29. చివరి ముక్క, గోపాలపట్నం, ప్రహ్లాదపురం మీదుగా మళ్ళీ తొలిపావంచాకి. అమ్మ ఆటోలో ముందే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది, చేతిలో కొబ్బరికాయ. బూట్లు విప్పి చూసుకున్నాను, రెండు బొటనవేళ్ళూ చల్లగా, మామూలు రంగులో ఉన్నాయి. కొబ్బరికాయ నేనే కొట్టాను. తర్వాతి రక్తపరీక్ష సెప్టెంబరులో.