అమ్మకు మంచం కొన్నాం

దసరాకు ఇల్లు దులుపుతుంటే హాల్లో సోఫా వెనక గోడ మీద అరచేయంత నూనె మరక కనిపించింది. సోఫాలో కూర్చుంటే సరిగ్గా తల ఆనేచోట. సర్ఫు నీళ్లతో రుద్దినా పోలేదు, దగ్గరికి వెళ్తే కొబ్బరినూనె వాసన. మా ఇంట్లో రోజూ తలకు నూనె పెట్టుకునేది అమ్మ ఒక్కతే. కానీ పగలంతా ఆమె కూర్చునేది బాల్కనీ కుర్చీలో. సోఫాలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి రెండున్నరకు లేచి చూశాను. అమ్మ సోఫాలో ఉంది, లైటు వేసుకోలేదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, తల గోడకు ఆనించి కూర్చునే నిద్రపోతోంది. లేపితే, "ఏం లేదు బిడ్డా, పండుకుంటే పులితేన్పులు వస్తున్నయి. కూసుంటే మంచిగుంటది" అంది. ఎన్నాళ్ల నుంచమ్మా అంటే "బోనాల కాన్నుంచి" అంది. అంటే మూడు నెలలు. పక్క గదిలోనే నేను తలుపేసుకుని నిద్రపోయాను ఆ మూడు నెలలూ. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

అమ్మకు 71 ఏళ్లు. ఆ వయసులో గుండెల్లో మంట అంటే అది గ్యాసేనని ఇంట్లో తేల్చేసుకోకూడదు. డాక్టర్ కూడా ముందు ఈసీజీ తీయించి, గుండె బాగానే ఉందని చూసుకున్నాకే ఎండోస్కోపీకి పంపారు. చిన్న హయాటస్ హెర్నియా ఉందని తేలింది. ఛాతీకీ పొట్టకూ మధ్య డయాఫ్రమ్ అనే కండరం తెరలా ఉంటుంది. దానిలో అన్నవాహిక దిగే సందు వదులైతే జీర్ణాశయం పైభాగం కొంచెం పైకి జరుగుతుంది. అక్కడ బిగువుగా ఉండాల్సిన మూత సరిగ్గా పడదు. కూర్చున్నంతసేపూ యాసిడ్ కిందే ఉంటుంది. వెల్లకిలా పడుకోగానే గొంతుదాకా వచ్చేస్తుంది. మంట, పుల్లటి నీళ్లు, పొడి దగ్గు, ఇక నిద్రెక్కడిది?

మందులు రాశారు. రాత్రి తిన్నాక రెండు మూడు గంటల వరకు పడుకోవద్దన్నారు. ఈ ఒక్క మాట నన్ను బాగా కదిలించింది. ఎందుకంటే అమ్మ ఏడింటికి తినే మనిషి. నేను అమీర్‌పేట ఆఫీసు నుంచి చైతన్యపురి చేరేసరికి తొమ్మిది దాటుతుంది. నా కోసం ఆగి, నాతో పాటు తొమ్మిదిన్నరకు తిని, పదింటికల్లా నడుం వాల్చేది. ఇప్పుడు ఏడింటికే జొన్నరొట్టె తినేస్తుంది. నేను తినేటప్పుడు ఊరికే పక్కన కూర్చుంటుంది.

తల కింద మూడు దిండ్లు పెడుతున్నానని చెబితే డాక్టర్ వద్దన్నారు. దిండ్ల ఎత్తుతో మెడ వంగుతుంది, పొట్ట మడతపడి ఇంకా నొక్కుకుంటుంది. నడుము పైభాగమంతా ఒకే వాలులో 6 నుంచి 8 అంగుళాలు లేవాలట. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుంటే ఇంకా మంచిదట. జీర్ణాశయం ఉన్న తీరు వల్ల అలా పడుకున్నప్పుడు యాసిడ్ అన్నవాహిక నోటికి దూరంగా, కిందికి ఉంటుంది.

అందుకని ముందు చేసింది చెక్క దిమ్మెలు. మా గల్లీ చివర కార్పెంటర్‌తో 6 అంగుళాల ఎత్తు వేపచెక్క దిమ్మెలు రెండు చేయించాను. మంచం కోడు జారకుండా పైన గుంట కూడా తవ్వించాను. రెండింటికీ కలిపి 400 రూపాయలు. తలవైపు కోళ్ల కింద పెట్టాం. నాలుగో రాత్రి అమ్మ తెల్లవారుజామున నాలుగింటిదాకా లేవకుండా పడుకుంది. ఇది గట్టిగా చెబుతున్నాను, మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నది ఈ యాసిడ్ బాధ ఒక్కటే అయితే డాక్టర్‌ని అడిగి ముందు దిమ్మెలతో చూడండి. చాలామందికి అదే సరిపోవచ్చు.

మాకు ఎందుకు సరిపోలేదంటే, అమ్మ మనిషి చిన్నది, తేలిక. తెల్లారేసరికి కాళ్లవైపుకు జారిపోయి, దుప్పటి ఉండచుట్టుకుపోయి ఉండేది. మోకాళ్ల నొప్పులకు కింద దిండు పెట్టుకుంటే అదీ జారిపోయేది. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు వాలుగా ఉన్న మంచం మీంచి దిగాలంటే భయపడేది.

అన్నయ్య ఊరి నుంచి ఫోన్ చేసి, కోఠిలో సర్జికల్ షాపులున్నాయి కదా, చేత్తో తిప్పే ఫౌలర్ మంచం కొందాం అన్నాడు. ఆలోచన తప్పేమీ కాదు. ధర చాలా తక్కువ, కరెంటుతో పని లేదు, హ్యాండిల్ తిప్పితే తలవైపు లేస్తుంది. కానీ నాన్న చివరి రెండు నెలలూ ఉన్నది అలాంటి మంచం మీదే. అమ్మ ఒకటే మాట అంది. "దవాఖాన మంచం ఇంట్లకు తేవద్దు." మేమిద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా రిమోట్‌తో లేచే మంచాల కోసం తిరగడం మొదలైంది. దీన్ని అడ్జస్టబుల్ బేస్ అంటారు. కింద ఇనుప చట్రం, తలవైపు ఒక మోటారు, కాళ్లవైపు ఒక మోటారు, పైన మనకు నచ్చిన పరుపు. మొదటి షోరూమ్‌లో అమ్మను చెప్పులతోనే పడుకోబెట్టి, ఒక బటన్ నొక్కి, "ఇది జీరో గ్రావిటీ, నాసా టెక్నాలజీ, గురక పోతుంది, బీపీ తగ్గుతుంది" అని గడగడా చెప్పేశాడు అక్కడి అబ్బాయి. రెండు నిమిషాల్లో లేపేశాడు. అమ్మ బిక్కమొహం వేసింది. నేను తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, బరువు లేని చోట వ్యోమగాముల ఒళ్లు దానంతటదే తీసుకునే భంగిమ ఒకటుంది, స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం రోజుల్లో నాసా దాన్ని గమనించి రాసిపెట్టింది. తల, మోకాళ్లు కాస్త పైకి లేపే ఈ పొజిషన్‌కు ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. హాయిగా ఉండే మాట నిజమే. అంతకు మించి బీపీ దాకా వెళ్లడం అన్యాయం. నిద్ర లేక నీరసపడిన ముసలివాళ్ల ముందు అలాంటి మాటలు చెప్పకూడదు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. తలవైపు పలక పొడవు దాదాపు 30 అంగుళాలు. అది 6 నుంచి 8 అంగుళాలు లేవాలంటే కావాల్సిన కోణం 12 నుంచి 15 డిగ్రీలే. షోరూముల్లో అందరూ 60 డిగ్రీలు, 65 డిగ్రీలు అని చెబుతున్నారు. అమ్మకు కావాల్సింది అందులో నాలుగో వంతు. ఆ కొంచెం ఎత్తును రోజూ ఒకేలా తెచ్చిపెట్టే మెమరీ బటన్ ఉందా అన్నదే నాకు ముఖ్యం.

రెండో షోరూమ్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. "కూర్చోండమ్మా, తొందరేం లేదు" అని అమ్మను అంచున కూర్చోబెట్టారు. అప్పుడు చూశాను అమ్మ పాదాలను. నేలకు అందలేదు. వేళ్ల చివర్లు మాత్రం గచ్చుకు తగులుతూ, మెట్టెలు టైల్స్ మీద టకటక చప్పుడు చేస్తున్నాయి. నాన్న పోయాక కూడా అమ్మ మెట్టెలు తీయలేదు, నేనే తీయనివ్వలేదు. అమ్మ ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. ఆ మంచం, పరుపుతో కలిపి 24 అంగుళాలు. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఆ ఎత్తు నుంచి దిగితే ఏమవుతుందో తలచుకుంటేనే నాకు కాళ్లు చల్లబడ్డాయి. అన్ని రోజులూ మోటార్ల గురించి, వారంటీ గురించి చదువుతున్నాను గానీ, టేపు తీసుకుని అమ్మ మోకాలి కింది నుంచి మడమ దాకా ఒక్కసారి కొలవలేదు. కొలిస్తే 15 అంగుళాలు.

ఆ తర్వాత వెతకడం తేలికైంది. కాళ్లు విప్పి పొట్టివి బిగించుకునే చట్రం కావాలి, పైన 6 అంగుళాలకు మించని పరుపు కావాలి. ఊరి నుంచి తెచ్చుకున్న బూరుగు దూది పరుపు అమ్మకు ప్రాణం, కానీ మంచం వంగితే దూదంతా ఒకచోట చేరుతుంది. కొబ్బరిపీచు పరుపు అసలు వంగదు. లేటెక్స్ గానీ, ఫోమ్ గానీ తీసుకోవాలి. మేం లేటెక్స్ తీసుకున్నాం. బూరుగు పరుపును దివాన్ మీద వేశాం, మధ్యాహ్నం అమ్మ దాని మీదే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది.

కరెంటు సంగతి కూడా అక్కడే తేల్చుకున్నాను. ఎండాకాలం గాలివానలకు మా వైపు కరెంటు పోవడం మామూలే. మంచం పైకి లేచి ఉండగా ప్లగ్ పీకి చూపించమన్నాను. కొన్నింటికి చిన్న బ్యాటరీ పెట్టె ఉంటుంది, దాంతో ఒకసారి కిందికి దించుకోవచ్చు. మేం కొన్నదానికి ఉంది. అయినా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అమ్మ గదిలో ప్లగ్‌కు ఇన్వర్టర్ లైను లాగించాను. మోటారుకు కరెంటు కావాల్సింది కదిలే ఆ కొద్ది సెకన్లే కాబట్టి మా ఇన్వర్టర్‌కు భారం కాలేదు. తల లేచేటప్పుడు పలక వెనక్కి జరిగి గోడ దగ్గరే ఉండేలా కొన్ని రకాలొస్తాయి. లేకపోతే పక్క బల్ల మీది నీళ్ల చెంబు చేతికి అందదు. అదీ చూసుకోండి. సింగిల్ బేస్ 68,000, పరుపు 11,500 అయ్యాయి. సగం అన్నయ్య పంపాడు.

ఒకటి మాత్రం అడగడం మర్చిపోయాను. మడత పడే చట్రం కాదు అది. ఆరున్నర అడుగుల పెట్టె మా లిఫ్ట్‌లో పట్టలేదు. తెచ్చిన ఇద్దరబ్బాయిలు మూడంతస్తులు మెట్ల మీదే మోశారు, మలుపుల్లో గోడలు గీసుకుపోయాయి. వాళ్లకు మజ్జిగ ఇచ్చి అమ్మ తానే విసనకర్ర పట్టుకుని కూర్చుంది.

మొదటి రెండు రాత్రులు మళ్లీ జారింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. జబ్బుగా ఉన్న నాన్నను చూసుకున్న నర్సుకు ఫోన్ చేస్తే, "ముందు మోకాళ్లు లేపండి, తర్వాత తల లేపండి" అన్నారు. అంతే కిటుకు. కాళ్లవైపు కాస్త లేస్తే తొడల కింద ఆనకట్టలా ఆగుతుంది, ఇక ఒళ్లు కిందికి జారదు. పొట్టివాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. చట్రం వంగేచోటు మనకంటే పొడుగువాళ్లకు సరిపోయేలా ఉంటుంది. తల పైఅంచుకు ఆనించి పడుకుంటే అమ్మ తుంటి ఆ వంపుకు రాదు. అందుకని ఒక జానెడు కిందికి పడుకోమన్నాను. ఫోన్‌లో లెవెల్ చూసి 14 డిగ్రీల దగ్గర మెమరీలో పెట్టాను.

రిమోట్‌కు పదకొండు బటన్లు. చీకట్లో అమ్మకు ఏదీ ఆనదు. నా రాళ్ల స్టిక్కర్ బొట్లలోంచి ఎత్తుగా ఉండేది ఒకటి మెమరీ బటన్ మీద, పొడుగు బొట్టు ఒకటి మంచాన్ని చదును చేసే బటన్ మీద అంటించాను. అమ్మ ఇప్పుడు బొటనవేలితో తడిమి నొక్కుతుంది. గుండ్రటి రాయి పడుకోవడానికి, పొడుగు రాయి దిగడానికి.

ఈ మంచం సంగతి విని అన్నయ్య తనకూ ఒకటి కొనమన్నాడు, గురకకు. వదినను అడిగితే, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడని, పగలు కూర్చున్నచోటే కునుకుతాడని చెప్పింది. అది మంచంతో పోయేది కాదన్నాను. ముందు స్లీప్ స్టడీ చేయించుకోమన్నాను. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో అందులో లెక్క వేస్తారు. 5 దాటితే స్లీప్ ఆప్నియా, 30 దాటితే తీవ్రం. అలాంటప్పుడు నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషీన్ లాంటి వైద్యం కావాలి. తల కింద ఎత్తు పెట్టుకుని సరిపెట్టుకుంటే గుండెకు ముప్పు. వెళ్తానన్నాడు, ఇంకా వెళ్లలేదు. ప్రతి ఆదివారం గుర్తుచేస్తున్నాను.

అమ్మకు బాధ పూర్తిగా పోలేదు. పెళ్లి భోజనం చేసిన రోజు, మిర్చి బజ్జీ తిన్న రోజు మంట వస్తుంది, దగ్గుతుంది. మిగతా రోజుల్లో ఒకసారి బాత్రూమ్‌కు లేచి మళ్లీ పడుకుంటుంది. సన్నగా మోటారు చప్పుడు వినిపిస్తుంది నాకు. ఇప్పుడు నా గది తలుపు వేసుకోవడం లేదు.

మొన్న అన్నయ్య మనవడి పుట్టువెంట్రుకలకు నాలుగు రోజులు ఊరికి బయల్దేరింది. బ్యాగు బరువుగా ఉందేమిటని తెరిచి చూస్తే, చీరల మధ్యలో పాత లుంగీలో చుట్టిన వేపచెక్క దిమ్మెలు రెండూ ఉన్నాయి. నేను వాటిని పారేశాననుకున్నాను. బాల్కనీలో తులసికుండీ వెనక దాచిందట. ఎల్బీనగర్‌లో నకిరేకల్ బస్సెక్కించి, బ్యాగు సీటు కిందికి తోసి వచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "మీ అన్నతోని మంచం కింద పెట్టిచ్చిన బిడ్డా. ఇప్పుడే లేచిన, ఐదైతుంది."